‘మీ కాలు తీయండి’: డీమన్ స్లేయర్‌లో శత్రువు పట్ల కరుణ

జపాన్ యానిమేషన్ సిరీస్ ‘డీమన్ స్లేయర్’ మొదటి సీజన్‌లో ఏ ఎపిసోడ్ గొప్పదని అడిగితే అభిమానుల్లో చాలామంది 19వ ఎపిసోడ్ పేరే చెబుతారు. 2019 ఆగస్టు 10న ప్రసారమైన ఆ ఎపిసోడ్‌లో, చావు అంచున ఉన్న కథానాయకుడు తంజిరోకి చిన్నప్పుడు తండ్రి ఆడగా చూసిన అగ్నిదేవుడి నృత్యం గుర్తుకొస్తుంది. అంతవరకూ నీటి ధారలా సాగిన అతని కత్తి వేటు ఒక్కసారిగా నిప్పుగా మారి, రుయి అనే రాక్షసుడి మెడ దాకా వెళుతుంది. ఈ సిరీస్‌ను రూపొందించిన యూఫోటేబుల్ స్టూడియో పనితనం గురించి మాట్లాడేవారు ఇప్పటికీ ఆ సన్నివేశాన్నే ఎత్తి చూపుతారు. రెండు వారాల తరువాత వచ్చిన 21వ ఎపిసోడ్‌లో మనల్ని నిలబెట్టేది అంతటి పోరాటం కాదు. తల తెగి బూడిదైపోతున్న ఒక రాక్షసుడు, వాడి వీపు మీద చెయ్యి వేసిన గాయపడ్డ కుర్రవాడు, ఆపైన ఇద్దరు ఖడ్గవీరుల మధ్య చిన్న వాదన. ఈ కథకు నైతికమైన వెన్నెముక ఆ కొద్ది నిమిషాల్లోనే ఉందని నా నమ్మకం. అయితే ఆ సన్నివేశాన్ని కొందరు ‘తంజిరో శత్రువును క్షమించాడు’ అని అర్థం చేసుకుంటారు. మరికొందరు ‘ఇన్ని హత్యలు చేసినవాడికి ఒక కన్నీటి గతం తగిలించి మనచేత జాలిపడేలా చేశారు’ అని చిరాకుపడతారు. ఇద్దరికీ వారి వారి కారణాలు ఉన్నాయి గాని, అక్కడ నిజంగా జరిగినదేమిటో ఆ రెండు అభిప్రాయాల్లోనూ మరుగున పడిపోతోంది. అందుకే ఆ సన్నివేశాన్ని మెల్లగా విప్పి చూడాలి.

కథ జరిగేది జపాన్‌లో తైషో యుగంలో, అంటే 1912కూ 1926కూ మధ్య కాలంలో. దీనికి మూలమైన, కోయోహారు గొతోగే గీసిన మాంగా (బొమ్మల కథ) 2016 నుంచి 2020 దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ధారావాహికగా వచ్చి 23 సంపుటాలుగా వెలువడింది. కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంట్లో పెద్ద కొడుకు తంజిరో. ఒక రాత్రి అతను ఇంట్లో లేని సమయంలో తల్లి, నలుగురు తోబుట్టువులు హత్యకు గురవుతారు. బతికి మిగిలిన చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోతుంది. ఈ కథాలోకంలో రాక్షసులు వేరే జాతి కారు. ముజాన్ అనే మూల రాక్షసుడి రక్తం ఒంట్లోకి ఎక్కిన మనుషులే రాక్షసులవుతారు, మనుషులను తిని బతుకుతారు, సాధారణంగా ఎండ తగిలితేనో ప్రత్యేకమైన కత్తితో మెడ తెగితేనో తప్ప చావరు. బలం పెరిగే కొద్దీ వారికి మనిషిగా ఉన్నప్పటి జ్ఞాపకాలు చెరిగిపోతూ ఉంటాయి. ఈ ఆఖరి నియమాన్ని గుర్తు పెట్టుకుంటే తప్ప 21వ ఎపిసోడ్ పూర్తిగా అందదు.

నటగుమో కొండ మీద సాలెగూళ్ల మధ్య ఉండే రుయి, ముజాన్ ఎంచుకున్న పన్నెండుగురు రాక్షసుల్లో దిగువ శ్రేణిలో అయిదవవాడు. చూడటానికి పసివాడు. తన శక్తిలో కొంత పంచి ఇచ్చి, ఇతర రాక్షసుల రూపాలు మార్చి, వారికి తల్లి, తండ్రి, అన్న, అక్క అని పాత్రలు కేటాయించి ఒక కుటుంబాన్ని తయారు చేసుకున్నాడు. చెప్పిన పాత్రను సరిగా పోషించని వారిని హింసిస్తాడు. తంజిరో అతన్ని ముఖాముఖి ఎదుర్కొనేది, అతను ‘అక్క’ ముఖాన్ని దారాలతో కోసినప్పుడే. భయంతో కట్టిపడేసిన బంధం బంధమే కాదని తంజిరో ముఖం మీదే అంటాడు. రుయికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. అన్నను కాపాడటానికి ప్రాణాలకు తెగించి అడ్డుపడిన నెజుకోను చూశాక, ఆ చెల్లెలిని తనకు ఇచ్చేయమని అడుగుతాడు. వాడికి కావలసినది ఎదురుగా ఉంది, దాన్ని పొందే దారి మాత్రం వాడికి తెలియదు. గుంజుకోవడం ఒక్కటే తెలుసు.

చివరికి రుయి మెడ తెగేది తంజిరో కత్తితో కాదు. తంజిరో వేటు పడకముందే రుయి తన దారాలతో తన తల తానే తెంచుకుని తప్పించుకుంటాడు. ఆ తరువాత, తంజిరో కూడా చేరిన రాక్షస సంహార దళంలో పెద్ద హోదా ఉన్న ఖడ్గవీరుడు గియు తొమియోక వచ్చి అతన్ని క్షణంలో చంపేస్తాడు. 21వ ఎపిసోడ్ మనల్ని తెగిపడిన ఆ తలలోని జ్ఞాపకాల్లోకి తీసుకెళుతుంది. రుయి పుట్టుకతోనే రోగిష్ఠి, నడవడమే కష్టమైన బిడ్డ. ముజాన్ వచ్చి రక్తమిచ్చి బలం ఇచ్చాడు. బలం వచ్చాక రుయి ఒక మనిషిని చంపి తిన్నాడు. అది కళ్లారా చూసిన తండ్రి ఒక రాత్రి కత్తి పట్టుకుని కొడుకు మీదికి వచ్చాడు, తల్లి పక్కనే ఏడుస్తూ ఉండిపోయింది. తమది నిజమైన బంధం కాదని తేల్చేసుకున్న రుయి ఇద్దరినీ చంపేశాడు. కొన ఊపిరితో తల్లి అన్నది ఒక్కటే: గట్టి ఒంటితో నిన్ను కనలేకపోయాను, నన్ను మన్నించు అని. అప్పుడుగాని రుయికి తండ్రి మాట అర్థం కాలేదు. కొడుకు చేసిన హత్యాపాపాన్ని తన తల మీద వేసుకుని, కొడుకుతో పాటు తానూ చనిపోవాలన్నది ఆ తండ్రి నిర్ణయం. నిజమైన బంధాన్ని తన చేత్తో తానే తెంచుకున్నానని ఆ రాత్రే తెలిసినా, తప్పంతా నిన్ను ఒప్పుకోని తల్లిదండ్రులదే అన్న ముజాన్ మాట పట్టుకుని రుయి ఏళ్ల తరబడి బతికాడు.

ఇప్పుడు తల లేని ఆ చిన్న మొండెం తూలుకుంటూ తంజిరో, నెజుకో పడి ఉన్న వైపు నడుస్తుంది. తంజిరో లేవలేడు, చెల్లెలి మీద ఒరిగి ఆమెకు అడ్డుగా ఉన్నాడు. అతనికి వాసన పట్టే శక్తి అసాధారణం, మనుషుల మనసులోని భావాలను కూడా వాసనతో పసిగడతాడు. ఆ చిన్న ఒంటి నుంచి పట్టలేనంత పెద్ద దుఃఖం వాసన వస్తుంది. మొండెం తన పక్కనే కూలినప్పుడు అతను దాని వీపు మీద చెయ్యి వేస్తాడు. ఎండలాంటి ఆ వెచ్చదనం తగలగానే, ఇన్నేళ్లుగా తాను నిజంగా కోరుకున్నదేమిటో రుయికి గుర్తుకొస్తుంది. తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పుకోవాలి. ఆ వెంటనే మరో ఆలోచన: ఇంతమందిని చంపిన నేను నరకానికి పోతాను, అమ్మానాన్నలు ఉన్నచోటికి పోలేను కదా అని. తల్లిదండ్రులు వచ్చి, నరకానికైనా నీతోనే వస్తామంటారు. రుయి మళ్లీ పసివాడై, తప్పంతా నాదేనని వెక్కి వెక్కి ఏడుస్తాడు. మంటలు ముగ్గురినీ చుట్టుకుంటాయి.

నేలమీద మిగిలింది ఖాళీ కిమోనో. గియు దాని మీద కాలు వేసి నిలబడతాడు. మనుషులను తిన్న రాక్షసుడి మీద జాలి పడవద్దనీ, పిల్లవాడి రూపంలో ఉన్నంత మాత్రాన ఏమీ మారదనీ, అది పదుల ఏళ్లుగా బతికిన వికారమైన ప్రాణి అనీ అంటాడు. తంజిరో జవాబులో రెండు భాగాలు ఉన్నాయి, ఆ రెండింటి వరుస ముఖ్యం. చనిపోయినవారి కోసం, ఇకమీద ఎవరూ చనిపోకుండా ఉండటం కోసం రాక్షసుల మెడ మీద ఏ కనికరమూ లేకుండా కత్తి దించుతానని ముందు చెబుతాడు. ఆ తరువాతే, రాక్షసులై బాధపడుతున్నవారిని, చేసినదానికి కుమిలిపోతున్నవారిని తొక్కిపట్టనని అంటాడు. వాళ్లూ ఒకప్పుడు మనలాంటి మనుషులే, దయచేసి మీ కాలు తీయండి, వాళ్లు వికారమైన ప్రాణులు కారు, దుఃఖంతో నిండిన శూన్యమైన ప్రాణులు అని వేడుకుంటాడు.

సాధారణంగా శత్రువు మీద కరుణ అనగానే ఎత్తిన కత్తి దించడమే మనకు తోస్తుంది. ఇక్కడ కత్తి దిగిపోయింది. ఇక దాన్ని వెనక్కి తీసుకునే ప్రశ్నే లేదు, తంజిరో తీసుకోవాలనుకోవడమూ లేదు. కొద్దిసేపటి క్రితం అదే మెడను నరకడానికి ప్రాణం పెట్టి పోరాడినవాడు అతనే. కరుణకూ న్యాయానికీ పోటీ పెట్టి ఏదో ఒకటి తేల్చుకోమనే కథలు మనకు కొల్లలు. ఈ కథ ఆ పోటీనే ఒప్పుకోదు. న్యాయం తన పని తాను పూర్తిగా చేశాక, గెలిచినవాడు ఓడినవాడి శరీరంతో, వాడి మిగులు వస్తువులతో, వాడి కన్నీటితో ఎలా మసలుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న. కరుణ పని మొదలయ్యేది అక్కడి నుంచే.

అయినా కరుణ ఎప్పుడూ కత్తి తరువాతే వస్తుందని సూత్రం కట్టడానికి లేదు, ఎందుకంటే అదే కొండ మీద అంతకుముందే జరిగిన మరో సంఘటన ఉంది. రుయి కుటుంబంలో ‘తల్లి’ పాత్ర వేసే రాక్షసి, నిత్యం దెబ్బలు తింటూ బతికిన మనిషి, తంజిరో తన మీదికి దూకుతున్నప్పుడు చావే విముక్తి అనుకుని రెండు చేతులూ చాచి మెడ అప్పగిస్తుంది. గాలిలో ఉండగానే తంజిరో తాను వేయబోయిన వేటును మార్చుకుంటాడు. నీటి ఖడ్గవిద్యలో అయిదవ పద్ధతి, కరువు నేల మీద కురిసే చల్లని వాన పేరుతో పిలిచేది, ఇలాంటి సందర్భం కోసమే ఉంది. తనంతట తాను మెడ ఇచ్చినవారికి నొప్పి తెలియకుండా చావునిచ్చే వేటు అది. ఆమె తల తెగుతుంది. ఎంత దయగా వేసినా అది మెడ నరికే వేటే. తంజిరో గురుపరంపర ఇలాంటి వేటును ముందే ఊహించి, దానికి ఒక పద్ధతి ఏర్పరచి, పేరు పెట్టి ఉంచుకోవడం నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది. అప్పటికప్పుడు పుట్టే జాలి మీద వదిలేయకుండా, కరుణను కూడా సాధన చేసి నేర్చుకునే విద్యల్లో చేర్చారు.

క్షమ విషయానికి వస్తే, తంజిరో రాక్షసులను క్షమించాడనే మాటను కథే స్పష్టంగా కాదంటుంది. 13వ ఎపిసోడ్‌లో డప్పుల ఇంటి రాక్షసుడు క్యోగాయ్ చనిపోతూ, నా విద్య గొప్పదేనా అని అడుగుతాడు. గొప్పదే, కానీ మనుషులను చంపినందుకు క్షమించను అని తంజిరో జవాబు. అంతకన్నా తీవ్రమైనది 2022 ఫిబ్రవరి 13న వచ్చిన ‘ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్’ భాగం ముగింపు. తలలు తెగిపడ్డాక అన్నాచెల్లెళ్లయిన గ్యూతారో, డాకీ ఒకరినొకరు తిట్టుకుంటూ, చివరికి అన్న చెల్లెలితో నువ్వు పుట్టకపోయినా బాగుండేదని అనబోతాడు. తంజిరో వచ్చి అతని నోటికి చెయ్యి అడ్డం పెడతాడు. ఆ మాట అబద్ధమనీ, మీరు చేసినదానికి మిమ్మల్ని ఎవరూ క్షమించరనీ, మీరు చంపినవారంతా మిమ్మల్ని శపిస్తారనీ, అందుకే కనీసం మీరిద్దరైనా ఒకరినొకరు తిట్టుకోవద్దనీ చెబుతాడు. ఎవరూ క్షమించరన్న మాటలో మెత్తదనం ఏమాత్రం లేదు, అదే నోటితో వెంటనే వచ్చిన రెండో మాటలో కాఠిన్యం ఏమాత్రం లేదు. క్షమించే హక్కు చచ్చిపోయినవారిది, వారి తరఫున దాన్ని పంచిపెట్టే అధికారం తనకు లేదని తంజిరోకి తెలుసు. తన చేతిలో ఉన్నది ఒక్కటే, ఉన్న దుఃఖానికి మరో దుఃఖం కలవకుండా చూడటం. అతను అంతవరకే చేస్తాడు.

రుయి కథలోనూ ఇదే లెక్క. తల్లిదండ్రులు వచ్చి కొడుకును నరకం నుంచి తప్పించరు, తప్పించాలని ఎవరినీ వేడుకోరు. శిక్షలో ఒక్క రవ్వ కూడా తగ్గదు. ఒంటరిగా పోవలసినవాడు కన్నవారి చేతులు పట్టుకుని పోతాడు. ఈ సన్నివేశం చూసి ఏడ్చినవారు, రుయి బతికి ఉండవలసిందని ఏడ్చినవారు కారని నేను అనుకుంటాను. వాడు చావవలసినవాడేనని ఒప్పుకుంటూనే ఏడ్చారు. ఆ రెండూ ఒకే మనసులో ఒకేసారి ఉండగలగడమే ఈ ఎపిసోడ్ సాధించిన పని.

గియు కాలి దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే తొక్కడం అనేది ఈ సీజన్‌లో అనుకోకుండా వచ్చిన వివరం కాదని నాకు అనిపిస్తుంది. క్యోగాయ్ మనిషిగా ఉన్నప్పుడు రచనలు చేయాలని ఆశపడ్డవాడు. అతని రాతప్రతులను చెత్త అని ఒకడు కాలితో తొక్కేశాడు, ఆ అవమానం అతన్ని చివరిదాకా వదలలేదు. తంజిరోతో పోరాటంలో గది గిరగిరా తిరుగుతూ ఉంటే ఆ కాగితాలు నేలంతా చెల్లాచెదురుగా పడతాయి. పక్కటెముకలు విరిగి ఒళ్లు సహకరించని స్థితిలో కూడా తంజిరో వాటి మీద అడుగు పడకుండా పక్కకు దూకుతాడు, అలా తప్పించుకునే ప్రయత్నంలోనే నొప్పి తక్కువగా కదిలే విధానం అతనికి దొరుకుతుంది. కాగితానికి కాలు తగిలితే వెంటనే వంగి కళ్లకద్దుకోమని చిన్నప్పటి నుంచీ నేర్పించే ఇళ్లలో పెరిగిన తెలుగువారికి ఆ గెంతు వెనుక ఉన్నదేమిటో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. తన రాతను ఒకడైనా తొక్కలేదని గ్రహించి క్యోగాయ్ కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఎనిమిది ఎపిసోడ్ల తరువాత, మరో రాక్షసుడి బట్ట మీద మరొకరి కాలు పడినప్పుడు తంజిరో నోరు విప్పి అడుగుతాడు. మొదటిసారి తన అడుగును తాను కాచుకున్నాడు, రెండోసారి తనకన్నా ఎంతో పెద్ద హోదాలో ఉన్న, తన ప్రాణం కాపాడిన మనిషిని కాలు తీయమంటున్నాడు.

జపాన్ యుద్ధచరిత్రలో ఈ భావానికి చాలా లోతైన వేళ్లున్నాయి. 1184లో ఇచి-నో-తానీ యుద్ధంలో కుమగాయ్ నవోజానే అనే యోధుడు సముద్రపు ఒడ్డున ఒక శత్రువును కిందపడేసి శిరస్త్రాణం తొలగిస్తే, తన కొడుకు వయసు కుర్రవాడు కనిపించాడని హేకే వంశపు యుద్ధగాథ చెబుతుంది. అతనే అత్సుమోరి. వదిలేద్దామనుకుంటే వెనక తన పక్షం వారే గుర్రాల మీద వచ్చేస్తున్నారు; ఎలాగూ ఎవరో ఒకరు చంపుతారు, నా చేతిలో పోతే నీ కోసం ప్రార్థనలైనా చేయిస్తానని చెప్పి ఏడుస్తూ తల నరికాడు. తరువాత సన్యసించాడు. ఈ కథనే నాటకకర్త జెయామి ‘నో’ అనే సంప్రదాయ రీతి నాటకంగా మలిచాడు: పగ తీర్చుకోవడానికి వచ్చిన అత్సుమోరి ప్రేతం, తన కోసం ప్రార్థిస్తున్న సన్యాసిని చూసి, వీడిప్పుడు నా శత్రువు కాడని తెలుసుకుంటుంది. 1274లోను 1281లోను మంగోలుల దండయాత్రలను ఎదుర్కొన్న పాలకుడు హోజో తొకిమునే, 1282లో కమకురాలో ఎంగాకు-జీ ఆలయాన్ని స్థాపించినప్పుడు, చనిపోయిన జపనీయులకే గాక దండెత్తి వచ్చి చనిపోయిన శత్రువులకు కూడా అక్కడ ప్రార్థనలు జరగాలని సంకల్పించాడు. కోయా కొండ మీద 1599లో షిమజు వంశం వారు కొరియా యుద్ధంలో మరణించిన ఇరుపక్షాల వారి కోసం నిలిపిన రాతి స్మారకం ఇప్పటికీ ఉంది. వీటిలో ఏ ఒక్కచోటా యుద్ధం తప్పని ఒప్పుకోవడం గాని, శత్రువుకు భూమి వదిలేయడం గాని లేదు. చంపినవాడే చనిపోయినవాడి కోసం ప్రార్థించే బాధ్యత తీసుకోవడం ఉంది. నాలుగో ఎపిసోడ్‌లో తంజిరో, తన గురువు శిష్యులను ఒక్కొక్కరినే పొట్టన పెట్టుకున్న చేతుల రాక్షసుడిని చంపాక, బూడిదవుతున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మరో జన్మలో వీడు రాక్షసుడు కాకూడదని దేవుణ్ని వేడుకోవడం ఈ వరుసలోనే వస్తుంది.

మన ప్రేక్షకులకు ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. 2025 సెప్టెంబరు 12న ‘ఇన్ఫినిటీ కాజిల్’ చిత్రం తెలుగు డబ్బింగ్‌తో కూడా మన థియేటర్లలోకి వచ్చింది, అందులో అకాజా అనే రాక్షసుడి గతం చూసి కంటతడి పెట్టుకున్నవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. పురాణకథల మీద పెరిగిన మనకు రాక్షసుడి చావు, శాపవిమోచనం పక్కపక్కనే తోస్తాయి. విరాధుడైనా కబంధుడైనా దేహం పోయాక అసలు రూపం పొంది, చంపినవారికే నమస్కరించి పై లోకాలకు పోతాడు, వధే అనుగ్రహం. ఆ కళ్లతో చూస్తే రుయి మళ్లీ పసివాడు కావడం కూడా శాపం తీరి అసలు రూపానికి రావడమే అనిపిస్తుంది. కానీ రుయికి శాపం ఏదీ లేదు, చేసిన పనులున్నాయి. అసలు రూపం దొరికినా వాడు పోయేది మంటల్లోకే. ఆ తేడాను పట్టించుకోకపోతే ఈ కథలోని కాఠిన్యం మన చేతిలో మెత్తబడిపోతుంది.

ఇక చిరాకుపడేవారి వాదనలో బలముంది. నటగుమో కొండ మీద ఎందరో దళ సభ్యులు చనిపోయారు. కొందరు దారాలకు బొమ్మల్లా వేలాడి, తమ చేతులతో తమ తోటివారినే నరికి చచ్చిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు కూడా మనకు తెలియవు, వాళ్ల ఇళ్లల్లో ఎవరు ఎదురుచూస్తున్నారో తెలియదు. చంపినవాడికి మాత్రం తల్లి, తండ్రి, బాల్యం, చివరి కన్నీరు అన్నీ దొరికాయి. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, నేను కొట్టిపారేయడం లేదు. చనిపోయినవారికి కథ కేటాయించిన చోటు తక్కువే. ఒక్క విషయం మాత్రం చెప్పుకోవాలి: తంజిరో తన జవాబును చనిపోయినవారితోనే మొదలుపెట్టాడు. వాళ్ల కోసమే కత్తి అన్న మాట ముందు వచ్చింది కాబట్టే, వీడి కోసం చెయ్యి అన్న రెండో మాటకు అర్హత వచ్చింది. ఆ వరుస తారుమారైతే ఈ ఎపిసోడ్‌ను నేను సమర్థించేవాణ్ని కాదు.

తండ్రి కత్తి విషయంలో నాకింకా కలత ఉంది. కన్నబిడ్డను చంపి తానూ చావాలనుకోవడాన్ని ఈ కథ ప్రేమకు పరాకాష్ఠగా చూపిస్తుంది. తల్లిదండ్రులు పిల్లల ప్రాణం తీసి తామూ ప్రాణాలు తీసుకునే ఘటనలు జపాన్ సమాజాన్ని చాలాకాలంగా బాధపెడుతున్నవే, మనకూ కొత్తవి కావు. రాక్షసులు నిజంగా ఉండే కథాలోకంలో ఆ తండ్రికి మరో దారి లేదన్నది నిజమే. అక్కడి నుంచి ఆ భావాన్ని మన ఇళ్లలోకి మాత్రం తెచ్చుకోకూడదు. రుయి మనసును కరిగించింది కత్తి వెనుక ఉన్న మాట, నీ పాపం ఒంటరిగా మోయనివ్వను అన్నది. కత్తిని పక్కన పెట్టి ఆ మాటను విడిగా చూసే అవకాశం కథే మనకిస్తుంది. నరకానికి తోడుగా వచ్చినప్పుడు ఆ తండ్రి చేతిలో కత్తి లేదు.

గియు గురించి ఒక మాట. అతన్ని కరుణ లేనివాడిగా చూస్తే పొరపాటు. మొదటి ఎపిసోడ్‌లో నెజుకోను చంపకుండా వదిలింది, తంజిరోను గురువు దగ్గరికి పంపింది అతనే. నెజుకో ఎప్పుడైనా మనిషిని తింటే తాను కడుపు చీల్చుకుని చనిపోతానని రాసిచ్చినవారిలో అతనూ ఉన్నాడని 22వ ఎపిసోడ్‌లో బయటపడుతుంది. అంటే అతని నియమం వేరే: మనిషిని తినని రాక్షసికి అవకాశం, తిన్నవాడికి ఏమీ లేదు. ఆ గీత దగ్గర ఆగిపోవడానికి అతనికి న్యాయమైన కారణాలున్నాయి. తంజిరో ఆ గీత దాటి అడుగుతున్నాడు. చెల్లెలు రాక్షసి కాబట్టే తంజిరోకి ఈ జాలి అని ఎవరైనా అంటే నేను కాదనను. తనవారి ద్వారానే మనిషి పరాయివారి బాధను నేర్చుకుంటాడు, తంజిరో గొప్పతనం నేర్చుకున్నది చెల్లెలి దగ్గరే ఆపేయకపోవడంలో ఉంది. గియు ఆ వాదనకు మాటల్లో జవాబు ఇవ్వడు. ఇచ్చే లోపే నెజుకో మీదికి అదే దళానికి చెందిన షినోబు కత్తి దూసుకొస్తుంది, గియు దాన్ని అడ్డుకుంటాడు.

ఈ కరుణకు హద్దు కూడా ఉంది. మాంగా చివరి భాగంలో ముజాన్, నన్ను ప్రకృతి వైపరీత్యం అనుకుని మరిచిపోయి బతకండి అన్నప్పుడు, నువ్వు ఉండకూడని ప్రాణివి అని తంజిరో తేల్చేస్తాడు. అందరి పట్లా చూపిన కరుణ ఇక్కడ ఎందుకు లేదు, తన తల్లిని చంపినవాడు కాబట్టేనా అని అడగవచ్చు. ఆ అనుమానాన్ని పూర్తిగా తుడిచేయలేను గాని, 21వ ఎపిసోడ్‌లోనే అందుకు తగిన ఆధారం ఉంది. బాధపడుతున్నవారిని, కుమిలిపోతున్నవారిని తొక్కను అన్నాడు తంజిరో. ముజాన్‌లో ఆ కుమిలిపోవడం లేశమైనా లేదు. అక్కడ అందుకోవడానికి ఏ చెయ్యీ చాచి లేదు.

షినోబు సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. రుయి ‘అక్క’ వేషధారి ప్రాణభిక్ష అడిగినప్పుడు, తాను చంపినవారి లెక్క తగ్గించి చెప్పినప్పుడు, షినోబు చిరునవ్వు చెరగకుండానే, నీ పాపానికి తగిన చిత్రహింస ముందు అనుభవిస్తే స్నేహం చేద్దామంటుంది, ఆపైన విషంతో చంపేస్తుంది. కొన్నాళ్ల తరువాత, మీరు కోపంగా ఉన్నారా అని తంజిరో అడిగితే, అక్క కనాయేను ఒక రాక్షసుడు చంపినప్పటి నుంచి లోపల కోపం పేరుకుపోతూనే ఉందని ఒప్పుకుంటుంది. రాక్షసులను చూసి జాలిపడింది, వారితో కలిసి బతకాలని కలగన్నది ఆ అక్కే. ఆ కలను మోసి మోసి అలసిపోయానని చెప్పి, ఆ బరువును తంజిరోకి అప్పగిస్తుంది. కోపం మానుకోమని తంజిరో ఆమెకు చెప్పడు. ‘ఇన్ఫినిటీ కాజిల్’ చిత్రంలో అక్కను చంపిన దోమా ఎదురైనప్పుడు షినోబు ఆ కోపాన్ని ఇక దాచుకోదు. ఒంట్లో శక్తంతా పోయి కూలబడినప్పుడు ఆమె కళ్లముందు కనాయే నిలబడుతుంది. లోకంలోని రాక్షసులందరి మీదా జాలిపడ్డ ఆ అక్క చెల్లెలితో అనేది లేచి నిలబడమని, గెలవాలని నిర్ణయించుకున్నావు కదా, గెలిచి తీరమని.